ఇసుక కొండలను పటానికెక్కించిన సైనికుడు: గవర్నర్ వారెన్ జీవితం

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నాలుగో వంతుకు పైగా విస్తీర్ణాన్ని ఇసుక దిబ్బలు ఆక్రమించి ఉన్నాయి. దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని శాండ్‌హిల్స్ అంటారు. పశ్చిమార్ధగోళంలో ఇంతకు మించిన ఇసుక దిబ్బల సముదాయం లేదు. అయితే ఇది ఎడారి కాదు. దిబ్బలన్నీ గడ్డి కప్పుకొని ఉంటాయి. వాటి నడుమ చిన్న చిన్న సరస్సులు, చిత్తడి పచ్చికలు కనిపిస్తాయి. మనుషుల కన్నా పశువులే ఎక్కువగా ఉండే ఈ సీమను సైనిక అవసరాల కోసం తొలిసారి శాస్త్రీయంగా కొలిచి పటంపైకి తెచ్చిన వ్యక్తి గవర్నర్ కెంబుల్ వారెన్.

ఆయన పేరులోని గవర్నర్ అన్న మాట పదవి కాదు. తండ్రి తన స్నేహితుడైన గవర్నర్ కెంబుల్ అనే పారిశ్రామికవేత్త పేరునే కుమారుడికి పెట్టుకున్నాడు. అమెరికా అంతర్యుద్ధ చరిత్రలో గెటిస్‌బర్గ్ వీరుడిగా వారెన్ సుప్రసిద్ధుడు. అంతకు ముందే ఖండం పశ్చిమ భాగానికి నమ్మదగిన పటం సమకూర్చిన ఇంజనీరు ఆయనేనన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. నేలను చదవగల నేర్పు ఆయనకు కీర్తి తెచ్చింది. నేలను తప్పుగా చూపిన మరొకరి పటం ఆయన పరువును బలిగొనడంలో భాగమైంది.

హడ్సన్ తీరంలో బాల్యం

వారెన్ 1830 జనవరి 8న న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్‌లో జన్మించాడు. హడ్సన్ నదికి ఒక ఒడ్డున ఆ ఊరు, దానికి కొద్ది దూరంలో అవతలి ఒడ్డున వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ ఉన్నాయి. 16 ఏళ్ల వయసులో అకాడమీలో చేరిన వారెన్ 1850లో 44 మంది ఉన్న తన తరగతిలో రెండో స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ రోజుల్లో ఉన్నత స్థానాలు పొందినవారికి ఇంజనీరింగ్ విభాగాల్లో చోటు దొరికేది. వారెన్‌ను స్థలాకృతి ఇంజనీర్ల దళంలో నియమించారు. నదులను, దారులను, సరిహద్దులను సర్వే చేసి పటాలు గీయడం ఈ దళం బాధ్యత.

తొలి నాలుగేళ్లు ప్రధానంగా మిసిసిపీ నది పరిశీలనలో గడిచాయి. తర్వాత ఆయనను వాషింగ్టన్‌కు పిలిపించారు. తూర్పు తీరాన్ని పసిఫిక్ సముద్రంతో కలిపే రైలు మార్గం ఎటు వెళ్లాలో తేల్చడానికి ప్రభుత్వం అప్పటికే పలు బృందాలను పశ్చిమానికి పంపింది. వారు తెచ్చిన కొలతలన్నింటినీ కూర్చి ఒకే పటంగా మలిచే పని ఈ యువ అధికారికి దక్కింది.

గడ్డి కప్పిన ఇసుక సముద్రం

1855 వేసవిలో ఆ పని మధ్యలో ఆపి వారెన్ పశ్చిమానికి బయలుదేరవలసి వచ్చింది. లకోటా తెగలపై జనరల్ విలియం హార్నీ నడిపిన దండయాత్రకు ఆయనను స్థలాకృతి ఇంజనీరుగా నియమించారు. మిసోరీ నది మీదుగా ఫోర్ట్ పియర్ చేరిన వారెన్, అక్కడి నుంచి ప్లాట్ నదిపై ఉన్న ఫోర్ట్ కియర్నీలో హార్నీని కలుసుకోవాలి. నదుల వెంట చుట్టుదారి ఉన్నా, ఆయన కొద్దిమంది అనుచరులతో నేరుగా నేలమార్గాన్ని ఎంచుకున్నాడు. సుమారు 300 మైళ్ల ఆ ప్రయాణం సాహసమని తెలిసినవారు వారించారు. ఆగస్టులో రెండు వారాల పాటు సాగిన ఆ ప్రయాణంలోనే శాండ్‌హిల్స్ ఆయనకు తొలిసారి ఎదురయ్యాయి.

పటం గీసేవారికి ఈ నేల ఒక పరీక్ష. కొండలున్న చోట ఏదో ఒక శిఖరాన్ని గుర్తుగా పెట్టుకొని దిక్కులు, దూరాలు లెక్కకట్టవచ్చు. మైదానంలో చూపు దూరం పోతుంది. శాండ్‌హిల్స్‌లో ఈ రెండు సౌకర్యాలూ లేవు. కొన్ని చోట్ల 120 మీటర్ల ఎత్తు వరకు లేచే దిబ్బలు ఒకదానిని పోలి మరొకటి ఉంటాయి. ఒక దిబ్బ ఎక్కితే కనిపించేవి మరిన్ని దిబ్బలే. గాలి ఇసుకను తవ్వి లేపిన చోట గిన్నెల్లాంటి గుంతలు ఏర్పడతాయి. వాన నీరు వాగులుగా పారకుండా ఇసుకలోకి ఇంకిపోతుంది. అందుచేత వాగు వెంట నడిచి నది చేరవచ్చన్న సాధారణ సూత్రమూ ఇక్కడ చాలా చోట్ల పనిచేయదు.

అప్పటి సర్వే బృందాల సాధనాలు పరిమితమైనవి. సెక్‌స్టెంట్‌తో సూర్యుడు, నక్షత్రాల ఎత్తు కొలిచి అక్షాంశం తేల్చేవారు. రేఖాంశానికి క్రోనోమీటర్ అనే కచ్చితమైన గడియారంపై ఆధారపడేవారు. దిక్కులకు దిక్సూచి, ఎత్తులకు భారమితి, దూరానికి బండి చక్రం తిరిగిన సంఖ్యను లెక్కించే ఓడోమీటర్ వాడేవారు. దాదాపు అదే కాలంలో భారతదేశంలో సాగుతున్న మహా త్రికోణమితి సర్వే ఒక్కొక్క త్రిభుజాన్ని ఏళ్ల తరబడి ఓపికగా కొలుస్తూ ముందుకు కదిలింది. వారెన్‌కు అంత వ్యవధి గానీ, అంత సిబ్బంది గానీ లేరు. నడుస్తూ కొలవాలి, కొలుస్తూనే గీయాలి. దారి పొడవునా నేల స్వరూపాన్ని నోట్ చేసుకొని, రాత్రి నక్షత్రాల సాయంతో ఆ రోజు లెక్కను సరిదిద్దుకోవాలి.

ఆయన పరిశీలన సూక్ష్మమైనది. ఇసుక నేలలో నాలుగింట మూడు వంతుల మేర ముతక గడ్డి, ఇతర మొక్కలు కప్పి ఉన్నాయనీ, వాటి వేళ్లు పెరికినా రానంత లోతుగా దిగి ఉన్నాయనీ ఆయన నమోదు చేశాడు. అయినా ఆ సీమ ఆయన మనసును కుంగదీసింది. ఆ నిశ్శబ్దం, ఆ ఏకాంతం ప్రయాణికుడిని కలవరపెడతాయని భావించాడు. ఇది ఎన్నటికీ నాగరిక నివాసానికి పనికిరాని నేలని తీర్మానించాడు.

నెత్తుటి మరక

ఫోర్ట్ కియర్నీ చేరిన కొద్ది రోజులకే, సెప్టెంబర్ 3న, హార్నీ సైన్యం బ్లూ వాటర్ క్రీక్ వద్ద లిటిల్ థండర్ నాయకత్వంలోని లకోటా గ్రామంపై దాడి చేసింది. అంతకు ముందు ఏడాది ఒక వలసదారుడి ఆవు విషయంలో మొదలైన తగవులో లెఫ్టినెంట్ గ్రాటన్, అతని సైనికులు హతమయ్యారు. దానికి ప్రతీకారంగా ఈ దాడి జరిగింది. 86 మంది లకోటాలు మరణించారు. దాదాపు 70 మంది మహిళలు, పిల్లలు బందీలయ్యారు.

25 ఏళ్ల వారెన్ చూసిన మొదటి యుద్ధం ఇదే. గాయపడిన మహిళలు, పసిపిల్లల ఆర్తనాదాలు ఆయనను కలచివేశాయి. క్షతగాత్రులకు చేతనైన సాయం చేశాడు. తన దినచర్య పుస్తకంలో ఆ దృశ్యం పట్ల వేదనను రాసుకున్నాడు. జనం విడిచిపోయిన శిబిరంలో మిగిలిన దుస్తులను, గృహోపకరణాలను సేకరించి తర్వాత స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించాడు. ఆనాటి లకోటా జీవితానికి ఆ వస్తువులు అరుదైన ఆనవాళ్లుగా మిగిలాయి. అవి ఎలాంటి పరిస్థితిలో చేతికి వచ్చాయన్నది కూడా ఆ చరిత్రలో విడదీయరాని భాగమే.

దారికి అడ్డు నిలిచినవారు

1856లో వారెన్ మిసోరీ, ఎల్లోస్టోన్ నదుల తీరాలను పరిశీలించాడు. మరుసటి ఏడాది భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ హేడెన్‌ను వెంటబెట్టుకొని లూప్ నది వెంట పైకి సాగాడు. ఆ నది శాండ్‌హిల్స్ గర్భంలో ఊటలుగా పుడుతుంది. దాని మూలం వరకు వెళ్లాక బృందం మరోసారి ఇసుకలో చిక్కుకుంది. బండ్లు చక్రాల దాకా కూరుకుపోతుంటే జంతువులు అలసి సొలసిపోయాయి. చివరకు నయోబ్రారా నదిని దాటుకొని ఫోర్ట్ లారమీ చేరారు.

అక్కడి నుంచి బ్లాక్ హిల్స్ వైపు వెళ్లిన వారెన్‌ను ఇన్యన్ కారా పర్వతం వద్ద లకోటా యోధులు పెద్ద సంఖ్యలో వచ్చి అడ్డుకున్నారు. వారి అభ్యంతరాలకు కారణాలున్నాయి. చలికాలపు ఆహారం, దుస్తుల కోసం వారు ఎదురుచూస్తున్న అడవి దున్నల మంద దగ్గరలోనే ఉంది. అపరిచితులు చొరబడితే మంద చెదిరిపోతుంది. అంతకు మించి, కొలతలు తీసుకునేవారి వెనుకనే రహదారి, దాని వెనుక సైన్యం వస్తాయని వారికి అనుభవపూర్వకంగా తెలుసు.

వారెన్ వారి వాదనను కొట్టిపారేయలేదు. వారి స్థానంలో ఉంటే తానూ అలాగే ప్రవర్తించేవాడినన్న భావన ఆయనలో కలిగింది. ముందుకు వెళ్లాలన్న పట్టుదల మాని దారి మార్చుకొని, కొండల దక్షిణ, తూర్పు అంచుల వెంట సాగాడు. తర్వాత బేర్స్ రిబ్ అనే నాయకుడు ఆయనను కలుసుకొని, తెల్లవారెవరూ ఇటు రాకూడదన్న తమ మాటను అధ్యక్షుడికి చేర్చాలని కోరాడు. వారెన్ ఆ సందేశాన్ని తన నివేదికలో పొందుపరిచాడు. లకోటాలు తమ హక్కులేమిటో తెలిసిన వివేకవంతులని కూడా పేర్కొన్నాడు. అయితే యుద్ధం వస్తే సైన్యం ఏ దారుల్లో ప్రవేశించాలో అదే నివేదిక సూచించింది. సానుభూతి ఒకవైపు, ఉద్యోగ ధర్మం మరొకవైపు. ఈ వైరుధ్యాన్ని ఆయన చివరి వరకు పరిష్కరించుకోలేకపోయాడు. రెండు దశాబ్దాలు తిరగకుండానే బ్లాక్ హిల్స్ లకోటాల చేజారిపోయాయి.

ఖాళీలను ఖాళీగానే ఉంచిన పటం

వారెన్ కూర్చిన మహా పటం 1857 సంవత్సరం పేర వెలువడింది. మిసిసిపీ నుంచి పసిఫిక్ వరకు ఉన్న భూభాగమంతా 1:30,00,000 స్కేలులో అందులో ఇమిడింది. అంటే పటంపై ఒక సెంటీమీటరు నేలపై 30 కిలోమీటర్లకు సమానం. లూయిస్, క్లార్క్‌ల యాత్ర మొదలుకొని అర్ధ శతాబ్దం పాటు సాగిన అన్వేషణల కొలతలను ఆయన ఒక్కొక్కటిగా పరీక్షించాడు. రెండు సర్వేలు విభేదించిన చోట ఏది నమ్మదగినదో తర్కించి నిర్ణయించాడు. ఆ నిర్ణయాల వెనుక ఉన్న కారణాలను వివరిస్తూ ఒక సమగ్ర వ్యాసాన్ని కూడా జతచేశాడు.

ఈ పటానికి ప్రామాణికత తెచ్చిన గుణం నిజాయితీ. అంతకు ముందు పటకర్తలు తెలియని చోట ఊహా పర్వతాలను, వినికిడి నదులను గీసేవారు. వారెన్ ఎవరూ చూడని చోటును ఖాళీగానే వదిలాడు. తర్వాతి అన్వేషకులకు ఎక్కడికి వెళ్లాలో ఆ ఖాళీలే చెప్పాయి. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు పశ్చిమ అమెరికా పటాలకు ఇదే పునాదిగా నిలిచింది.

కొండపై నుంచి చూసిన చూపు

1861లో అంతర్యుద్ధం మొదలయ్యేసరికి వారెన్ వెస్ట్ పాయింట్‌లో గణితం బోధిస్తున్నాడు. న్యూయార్క్ అయిదో వాలంటీర్ రెజిమెంట్‌లో చేరి యుద్ధరంగానికి వెళ్లాడు. 1863 జూన్‌లో పొటోమాక్ సైన్యానికి ప్రధాన ఇంజనీరుగా ఉండగా ఎమిలీ చేజ్‌ను వివాహమాడాడు. పెళ్లైన రెండు వారాలకు గెటిస్‌బర్గ్ యుద్ధం వచ్చింది.

జులై 2 మధ్యాహ్నం జనరల్ మీడ్ ఆదేశంపై వారెన్ లిటిల్ రౌండ్ టాప్ అనే రాతి గుట్ట ఎక్కాడు. అక్కడ సంకేతాలు పంపే కొద్దిమంది తప్ప సైన్యం లేదు. ఉత్తరాది సేన ఎడమ పార్శ్వమంతా ఆ గుట్టపై నుంచి శత్రువు గుప్పిట్లోకి వస్తుందని నేల చూడగానే ఆయనకు బోధపడింది. ఎదుటి అడవిలోకి ఒక ఫిరంగి గుండు పేల్చమని కబురు పంపాడు. గుండు శబ్దానికి దక్షిణాది సైనికులు తలలు తిప్పగా వారి తుపాకుల మెరుపులో బారులు తీరిన సైన్యం బయటపడిందని తర్వాత ఆయనే వివరించాడు. వెంటనే దూతలను పంపి, స్వయంగా దిగివెళ్లి దళాలను గుట్ట మీదికి రప్పించాడు. అవి చేరిన కొద్ది నిమిషాల్లోనే దాడి మొదలైంది. గుట్ట నిలిచింది.

అదే ఏడాది నవంబర్‌లో మైన్ రన్ వద్ద ఆయన మరో తీరున నేలను చదివాడు. దాడికి నేతృత్వం వహించవలసిన ఉదయం, రాత్రికి రాత్రి బలపడిన శత్రు కందకాలను చూసి, వేలాది ప్రాణాలు వృథా అవుతాయని గ్రహించి దాడిని ఆపేశాడు. మీడ్ మొదట ఆగ్రహించినా, స్వయంగా చూశాక ఆ నిర్ణయాన్ని సమర్థించాడు. కానీ వారెన్ వెనుకాడే స్వభావం గలవాడన్న ముద్ర కొందరి మనసుల్లో పడింది.

తప్పు పటం, తొలగింపు

1864లో వారెన్ అయిదో కోర్‌కు అధిపతి అయ్యాడు. 1865 మార్చి 31 రాత్రి జనరల్ షెరిడన్‌కు తోడ్పడటానికి వెళ్లాలని ఆదేశాలందాయి. ఒకదానితో ఒకటి పొసగని ఉత్తర్వులు, కూలిన వంతెన, చీకటి కలిసి ఆయన సేనను ఆలస్యం చేశాయి. మరుసటి రోజు ఫైవ్ ఫోర్క్స్ వద్ద దాడికి షెరిడన్ ఇచ్చిన నమూనా పటంలో శత్రువు ఎడమ కొస అసలు ఉన్న చోటుకు కొన్ని వందల గజాల తూర్పున ఉన్నట్టు చూపారు. దానిని నమ్మి కదిలిన దళాలు శత్రువు లేని అడవిలోకి వెళ్లిపోయాయి. తప్పు గ్రహించిన వారెన్ గుర్రంపై పరుగులు తీసి దళాలను మళ్లించాడు. యుద్ధం గెలిచారు. ఆ సాయంత్రమే షెరిడన్ ఆయనను పదవి నుంచి తొలగించాడు. అవసరమైతే తొలగించే అధికారాన్ని గ్రాంట్ ముందే షెరిడన్‌కు ఇచ్చి ఉంచాడు.

ఎనిమిది రోజుల తర్వాత జనరల్ లీ లొంగిపోయాడు. యుద్ధం ముగిసిన సంబరంలో వారెన్‌కు చోటు లేదు.

నిరీక్షణ

వాలంటీర్ జనరల్ హోదాకు రాజీనామా చేసి వారెన్ తిరిగి ఇంజనీరు మేజర్‌గా నదుల వద్దకు వెళ్లాడు. మిసిసిపీని సర్వే చేశాడు, దానిపై వంతెనల నిర్మాణాన్ని అధ్యయనం చేశాడు. మిన్నెసోటా నది లోయ ఆ చిన్న నదికి తగనంత వెడల్పుగా ఉండటం గమనించి, ప్రాచీన కాలంలో ఉత్తరాన ఉన్న ఒక మహా సరస్సు నీరు ఇటుగా ప్రవహించి ఉంటుందని ప్రతిపాదించాడు. హిమయుగం చివర ఆ సరస్సు నుంచి వెలువడిన ఆ మహానదిని భూగర్భ శాస్త్రవేత్తలు నేడు వారెన్ నది అనే పిలుస్తున్నారు.

మరోవైపు తన తొలగింపుపై విచారణ జరపాలని 14 ఏళ్లకు పైగా అభ్యర్థిస్తూనే వచ్చాడు. గ్రాంట్ అధ్యక్షుడిగా ఉన్నంత కాలం ఆ మొర ఎవరూ ఆలకించలేదు. 1879 డిసెంబర్‌లో అధ్యక్షుడు హేస్ విచారణ న్యాయస్థానాన్ని నియమించాడు. గ్రాంట్, షెరిడన్‌లతో పాటు ఒకప్పటి శత్రు సేనాధికారులు కూడా సాక్ష్యమిచ్చారు. యుద్ధభూమి పటాలు న్యాయమూర్తుల ఎదుట పరుచుకున్నాయి. మార్చి 31 రాత్రి ఇంకా త్వరగా కదలవలసిందన్న విమర్శ మినహా, ప్రధాన ఆరోపణల్లో చాలావాటికి ఆధారం లేదని న్యాయస్థానం తేల్చింది.

ఆ ఫలితం 1882 నవంబర్‌లో వెల్లడైంది. వారెన్ అదే ఏడాది ఆగస్టు 8న న్యూపోర్ట్‌లో, 52 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. సైనిక దుస్తులు, లాంఛనాలు ఏవీ లేకుండా ఆయన కోరిక మేరకే అంత్యక్రియలు జరిగాయి. 1888లో లిటిల్ రౌండ్ టాప్‌పై ఆయన కాంస్య విగ్రహాన్ని నెలకొల్పారు. ఆ నేలను చూసిన చోటే, దూరానికి దృష్టి సారించి ఆయన ఇప్పటికీ నిలబడి ఉన్నాడు.

ఆయన చెల్లెలు ఎమిలీ, వారెన్ సహాయక అధికారిగా పనిచేసిన వాషింగ్టన్ రోబ్లింగ్‌ను పెళ్లాడింది. రోబ్లింగ్ జబ్బుపడినప్పుడు బ్రూక్లిన్ వంతెన నిర్మాణాన్ని ముందుండి నడిపించింది ఆమే. బాల్యంలో ఆమె చదువుకు అండగా నిలిచిన అన్న, 1883లో ఆ వంతెన ప్రారంభాన్ని చూడకుండానే వెళ్లిపోయాడు.

గడ్డి చెప్పిన జవాబు

శాండ్‌హిల్స్ విషయంలో మాత్రం వారెన్ తీర్పు నిలవలేదు. 1870 దశకంలో టెక్సాస్ నుంచి వచ్చిన పశువుల మందలు ఈ ప్రాంతపు అంచులకు చేరాయి. లోపలికి వెళ్తే తిరిగిరావన్న భయంతో పెంపకందార్లు వాటిని దిబ్బల్లోకి పోనిచ్చేవారు కాదు. 1879లో తుఫానుకు చెదిరిన పశువులను వెతుకుతూ లోపలికి వెళ్లిన కౌబాయ్‌లకు అవి చలికాలమంతా గడ్డి మేసి బలిసి కనిపించాయి. పెరికినా రాదని వారెన్ రాసిన ఆ గడ్డే రాంచ్‌లకు జీవనాధారమైంది. ఇసుకలోకి ఇంకిన వాన నీరు అడుగున ఓగలాలా జలాశయంలో చేరుతోంది. గాలిమరలు ఆ నీటిని తోడి పశువుల తొట్లు నింపుతున్నాయి.

ఆయన పూర్తిగా పొరబడ్డాడని కూడా చెప్పలేం. 1904 నాటి కింకెయిడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 640 ఎకరాలు ఇచ్చినా, దున్నిన చోట ఇసుక లేచిపోయి అనేకులు భూమి వదిలి వెళ్లారు. నాగలికి లొంగని నేల మేతకు మాత్రమే ఒప్పుకుంది. నేడు చెర్రీ కౌంటీలో 15 వేలకు పైగా చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న జనాభా ఆరు వేల లోపే.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ విమాన ఛాయాచిత్రాల సాయంతో ఈ దిబ్బలను ఒక్కొక్కటిగా సమోన్నత రేఖల్లో చూపింది. నీరు బయటికి పోయే దారిలేని గుంతలను లోపలికి చిన్న గీతలున్న వలయాలతో గుర్తించింది. ఊళ్ల పేర్లు రాయడానికి లేని చోట గాలిమరలు, బడి గదులు, రాంచ్ ఇళ్లే గుర్తులయ్యాయి. ఆ పటాల్లో ఊటగా మొదలయ్యే లూప్ నది పాయల వెంటనే, బండి చక్రపు తిరుగుళ్లను లెక్కిస్తూ వారెన్ 1857లో నడిచి వెళ్లాడు.